మూలమంచం చెన్నరాయప్ప

చింతామణి టౌన్లో ఆ ప్రైవేటు ఆసుపత్రి ఐసియు ఉండాదే, దాంట్లో మూలమంచానికి మంచి పేరు లేదు. చెన్నరాయప్పని ఒకాయన దానిమీదే పోయినాడంట. పోయినా మంచం వదల్లేదంట! దానిమీద ఎవురు పడుకున్నా, పొద్దుమునిగేసరికి వచ్చి గొంతు పట్టుకుంటాడని బయట బెంచీల మీదోళ్ళు ఒట్టేసి చెప్తాండారు.

ఇప్పుడు దానిమీద ఉండేది పిళ్ళప్ప. పెండ్లాం కంటే ఎర్రపుంజును ఎక్కువ ముద్దుగా చూసుకునే మనిషి. బీడీలతో ఊపిరితిత్తులు చెడగొట్టుకుని, నోట్లో గొట్టంతో పడుండాడు. ఊపిరి కూడా మిషనే పోస్తాండాది. ఎంత పిలిచినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. మాట వినబడతాందో లేదో డాక్టరుకే తెలీదు.

దెయ్యాలే పిళ్ళప్ప పెండ్లాం సుబ్బలక్ష్మమ్మకు భయపడతాయని వాళ్ళ ఊరు కెంచార్లహళ్ళిలో అంటారు. అయినా ఆమె గాజుతలుపు బయటే నిలబడి, మొగుని మంచం మీదినుంచి కన్ను తిప్పకుండా చూస్తాండాది.

రోజూ ఇదే తంతు. మంచం చుట్టూ తెర పడతాది... తెర పైనుంచి కనబడే మానిటర్లో బీపీ అంకె ఎగురుతాది... కొంచేపటికి దానంతటదే దిగిపోతాది.

"వదినా, గొట్టం తీపించి, దెయ్యం వదిలించే మురుగమల్ల దర్గాకు తీసుకుపోదాం," మరిది మునినారాయణ గుసగుసలాడినాడు. "కారు కింద ఉండాది."

గొట్టం తీస్తే ఊరు దాటకముందే పోతాడని డాక్టరు అప్పటికే తల బాదుకున్నాడు. ఉంచితే చెన్నరాయప్ప, తీస్తే యముడు. యాడికి పోయేది?

అంతలో తెర పడింది.

నూట ఇరవై... నూట నలభై...

లోపల గొరగొరమని చప్పుడు. తెర కదిలింది. నూట డెబ్బై! మిషను కీచుమని అరిచింది.

"వచ్చినాడు వదినా..."

సుబ్బలక్ష్మమ్మకు ఒళ్ళు మండింది. "నా మొగుని గొంతు పట్టుకునే హక్కు నాది. మధ్యలో వాడెవుడు?" చెప్పులు విడిచి లోపలికి దూరి, తెర బర్రున లాగింది.

చెన్నరాయప్ప లేడు. సన్నని పైపు పట్టుకుని నర్సు సహన బిత్తరపోయి చూస్తాండాది.

"గొంతులో కళ్ళె లాగతాండానమ్మా! పైపు దూరిస్తే ఎవురికైనా దగ్గొస్తాది, బీపీ ఎగురుతాది. అందుకే ముందే ఆక్సిజన్ పెంచి, గబుక్కున లాగి తీసేస్తాము. లాగకపోతే ఊపిరాడదు."

చెప్తాండగానే అంకె దిగింది. సుబ్బలక్ష్మమ్మకు సిగ్గేసింది. ఆ సిగ్గంతా కోపమై మొగుని మీదికి పోయింది. చెవి దగ్గర వంగింది.

"ఇంత కళ్ళె యాడిదయ్యా? బీడీలు మానమంటే విన్యావా? లేచి ఇంటికి రాకపోతే... నీ ఎర్రపుంజును కోసి పులుసు పెడతా."

నూట ఇరవై... నూట యాభై...

సహన చేతులు రెండూ పైకెత్తింది. పైపు ట్రేలో ఉండాది. "నేను... ముట్టుకోలేదమ్మా."

నూట డెబ్బై అయిదు! సుబ్బలక్ష్మమ్మకు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. కిందికి చూసింది. పిళ్ళప్ప చూపుడువేలు దుప్పటిని గీరతాండాది.

"వింటాండాడమ్మా," అనింది సహన మెల్లగా.

సుబ్బలక్ష్మమ్మ నోట్లో కొంగు కుక్కుకుని బావురుమనింది. కొంచేపటికి కండ్లు తుడుచుకుంటా బయటికొచ్చింది.

"ఉండాడా వదినా... దెయ్యం?"

"నేనేనప్పా ఆ దెయ్యాన్ని. కారు పంపించేసి, నువ్వు ఊరికి పో. పోయి... ఆ పుంజుకు గింజలెయ్యి."