జమ్ము మూలలో గంట

చెరువుకి పడమటి వైపు జమ్ము దట్టంగా పెరిగిన మూల ఒకటుంది. చీకటి పడితే అటు ఎవరూ గాలం వెయ్యరు. ఎందుకో చెబుతాను, తొందరపడకండి. నాతో పాటు బడిలో పనిచేసిన కుట్టు టీచరు చెప్పగా విన్న సంగతే ఇది.

ముందు ఒకటి తెలియాలి. రాత్రిపూట వాలుగ చేప కోసం కూర్చునేవాళ్ళు గాలం కర్ర కొసకి చిన్న గంట కడతారు. చేప లాగితే మోగుతుంది. కునుకు పడితే కర్ర పోకుండా, దాని మొదలుకి తాడు కట్టి, ఆ తాడు రెండో కొస మణికట్టుకి ముడేసుకుంటారు. ఆవిడ తమ్ముడూ అంతే చేసేవాడు.

ఆ తమ్ముడు నాలుగు రోజులుగా కనబడలేదు. "పని దొరికిందని ఊరెళ్ళాడు," అన్నాడు ఆవిడ మొగుడు. అతనిదీ చేపల పనే. కోపమొస్తే చెయ్యి ముందు, మాట తరవాత.

ఆ నాలుగు రాత్రులూ జమ్ములో గంట మోగింది... ఆగింది... మళ్ళీ మోగింది. ఊరంతా దెయ్యమంది.

"అది తమ్ముడి గంట," అంది ఆవిడ ఐదో రాత్రి. "పడవ తియ్యి. లేదంటే ఈదుకుంటూ పోతా."

"తమ్ముడూ లేదు, గిమ్ముడూ లేదు! పద, నీ పిచ్చి వదిలిస్తా."

పడవ జమ్ములోకి దూరింది. లాంతరు వెలుగులో నీళ్ళ మీద ఒక కర్ర... సగం మునిగి, వణుకుతూ. ణంగ్... ణంగ్...

మొగుడు తెడ్డెత్తి ఆ కర్రని కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. నీళ్ళు చిమ్మి లాంతరు ఆరిపోయింది. ఆ చీకట్లో, వగరుస్తూ—

"తల పగలగొట్టాను కదరా! రాయి కట్టి ముంచాను కదరా! ఇంకా ఏంట్రా నీకు?"

తన కమిలిన చెంప చూసి, "బావని నేనడుగుతా అక్కా," అంటూ తమ్ముడు చెరువుకి వెళ్ళిన సాయంత్రం ఆవిడ కళ్ళ ముందు కదిలింది.

తన నోట ఏం జారిందో అతనికీ తెలిసింది. తెడ్డు ఆవిడ వైపు తిరిగింది. మొదటి దెబ్బకి భుజం విరిగింది. రెండో దెబ్బకి ఎత్తాడు—

గంట పడవ పక్కనే మోగింది.

దబ్బున నీళ్ళ చప్పుడు. అతను పడవలో లేడు. చెరువుని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి ఈదే మనిషి... పైకి రాలేదు.

తెల్లవారి జనం కర్రని లాగారు. గాలానికి వాలుగ చేప, ఇంకా ప్రాణంతో. కర్ర మొదలుకి కట్టిన తాడుకి తమ్ముడు, కాళ్ళకి రాయి. చేప గుంజినప్పుడల్లా గంట మోగింది. రాయి ఉంది కనక ఆ మూల దాటలేదు. ఇంతవరకూ అంతా బుర్రకి అందేదే.

మొగుడూ ఆ తాడుకే దొరికాడు. చీకట్లో చుట్టుకుని ఉంటుందన్నారు. నేనూ అదే అన్నాను.

ఆవిడ భుజం నిమురుకుంటూ, గొంతు తగ్గించి అంది:

"చుట్టుకోవడం వేరు టీచరుగారూ. అతని మణికట్టుకి ముడి ఉంది. మూడు మెలికలు, మధ్యలోంచి ఒక దూరుపు. దారం ఊడకుండా నేను కనిపెట్టుకున్న ముడి అది... మా తమ్ముడికి తప్ప ఎవరికీ నేర్పలేదు."