రెండో కప్పు

"సాయంత్రం నాలుగింటికి ఆ కార్డులు శత్రువుల చేతికి చేరతాయి. ఆలోగా బూడిద కావాలి," అన్నాడు చీఫ్.

"ఏం కార్డులు సార్?" అన్నాడు ఏజెంట్.

"ఆ పాత హోటల్లో అతిథికో కార్డు రాస్తారు. ఎవరికి ఏ దిండు, ఏ టీ అని. వందేళ్ల అలవాటు. మనవాళ్లంతా మారుపేర్లతో అక్కడే దిగి చచ్చారు కదా! పేర్లయితే మార్చారు, అలవాట్లు మార్చుకోలేదు. కార్డులు పక్కపక్కన పెడితే ఇరవై ముగ్గురు దొరికిపోతారు. అందులో నువ్వూ ఉన్నావు. హోటల్ చరిత్ర రాస్తున్న ఆవిడ మన మనిషే, దారి చూపిస్తుంది."

మూడున్నరకి నెరిసిన విగ్గు, చేతికర్రతో ఒక ప్రొఫెసర్ లాబీలో అడుగుపెట్టాడు. యుద్ధంలో ఆసుపత్రిగా, శాంతి వచ్చాక సంధి సంతకాల వేదికగా, ఆ తర్వాత పెళ్లిళ్ల హాలుగా బతికిన హోటల్ అది. పాలరాతి మెట్లు మధ్యలో అరిగిపోయాయి. ఆ అరుగుదలలో తన వాటా కూడా ఉందని అతనికి తెలుసు.

ముత్యాల దండ వేసుకున్న అందగత్తె ఎదురొచ్చింది. చూపు తిప్పుకోవడం కష్టమే.

"ఈ హోటల్‌కి ముందు లిఫ్ట్ వచ్చిందా, ఫోన్ వచ్చిందా?" కోడ్ ప్రశ్న అడిగాడు.

"రెంటికన్నా ముందు పుకార్లు వచ్చాయి." కోడ్ జవాబు సరిపోయింది.

బేస్‌మెంట్‌లో బాయిలర్ గది. దాని మూలనే కార్డుల బీరువా. తలుపు మూయగానే ఆమె చేతిలో పిస్టల్ మెరిసింది. డబుల్ ఏజెంట్!

"మావాడు ఐదు నిమిషాల్లో వస్తాడు. ఈలోగా మీ చరిత్ర మీరు చదువుకోండి," అంటూ సొరుగులోంచి పదకొండు కార్డులు తీసి విసిరింది. "పదకొండు పేర్లు, మనిషి ఒక్కడే. గదిలో ఒంటరిగా ఉండి, ప్రతిసారీ రెండు కప్పుల టీ! అలా దొరికారు ప్రొఫెసర్ గారూ."

చివరి కార్డు మీద రూమ్ సర్వీస్ మనిషి ఎవరో వంకర అక్షరాలతో రాశాడు: "రెండో కప్పు చల్లారిపోతుంది. పాపం, కారణం అడగొద్దు. అడక్కుండానే రెండూ పంపండి."

ఏజెంట్ భార్య పోయి పదహారేళ్లు. ఆ దిగులు గురించి డిపార్ట్‌మెంట్ ఫైల్లో ఒక్క ముక్క లేదు. దాన్ని కనిపెట్టిన మనిషి ఒకడు ఈ హోటల్లో ఉన్నాడని ఇప్పుడే తెలిసింది. చేత్తో కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడుస్తున్నారా?" ఆమె నవ్వింది. ఆ నవ్వులో పిస్టల్ కాస్త పక్కకి వాలింది.

అతను కర్ర పిడి నొక్కాడు. గుప్పున పొగ లేచింది. అది చెదిరేసరికి పిస్టల్ అతని చేతిలో ఉంది. సొరుగులన్నీ, కిందపడ్డ కార్డులతో సహా, బాయిలర్‌లో గుమ్మరించాడు. లిఫ్ట్ దిగుతున్న చప్పుడు. ఇంకా చేతిలో ఆ ఒక్క కార్డు. దాచుకోవాలనిపించింది. చెయ్యి జేబు దాకా వెళ్లింది కూడా. లిఫ్ట్ తలుపు తెరుచుకునే క్షణంలో దాన్నీ మంటల్లో వేశాడు. వచ్చినవాడికి ఖాళీ సొరుగులు, గురిపెట్టిన పిస్టల్ స్వాగతం చెప్పాయి.

ఏడాది తిరిగాక, వేరొకరు రాసిన హోటల్ చరిత్ర అచ్చయింది. అతను ఎప్పుడూ దిగే మూడో అంతస్తు గురించి అందులో ఒక్క వాక్యమే ఉంది: "ఇక్కడ చెప్పుకోదగ్గ అతిథులెవరూ దిగలేదు."

"ఇంతకన్నా మంచి సర్టిఫికెట్ ఏ ఏజెంటుకీ రాదోయ్!" ఫోన్‌లో మెచ్చుకున్నాడు చీఫ్.

"ఫ్రేమ్ కట్టించాను సార్," అన్నాడు ఏజెంట్. "చూడ్డానికి ఎవరైనా ఇంటికొస్తే బాగుండు."