ముందు సీటులో తమ్ముడు

పుష్పం సజ్జగంజి చెంబుతో వసారాలోకి వచ్చేసరికి రంగనాథన్ ఒంటిచేత్తో చొక్కా తొడుక్కోలేక తంటాలు పడుతున్నాడు. విరిగిన ఎడమ చెయ్యి కట్టులో వేలాడుతోంది.

"నిలవండి, నేను తొడుగుతాను."

"నా కండ్లు బాగానే ఉండాయి. కండ్లు లేనోళ్ళకు పోయి తొడుగు," అన్నాడు భర్త, దొడ్లో ఉన్న తమ్ముడికి వినపడేట్టు.

ఎద్దులకు పత్తిగింజలు పెడుతున్న దామోదరసామి తల ఎత్తలేదు. పదిహేను రోజులుగా అన్నదమ్ముల మధ్య మాటలు ఇవే. ఒకడు గోడకు చెబుతాడు, ఇంకొకడు గోడతో పాటు వింటాడు.

కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో విమానం నడిపే లైసెన్సు ఉన్న ఇల్లు అప్పాసామిగారిదొక్కటే. అన్న మద్రాసులో చదువుతూ ఫ్లయింగ్ క్లబ్బులో చేరాడు. అన్న వెనకే తమ్ముడూ నేర్చుకున్నాడు. పదిహేను రోజుల కిందట ఇద్దరూ క్లబ్బు విమానంలో విరుదునగరం వచ్చారు. పై లైసెన్సు కోసం రంగనాథన్ వెనక సీటు మీద గుడ్డ గూడు కప్పుకుని, బయటి లోకం కనబడకుండా, ఎదురుగా ఉన్న మీటర్ల ముళ్ళు చూసుకుంటూ నడిపాడు. అలా నడిపేటప్పుడు ముందు సీటులో లైసెన్సు ఉన్న ఇంకొకడు కళ్ళు తెరుచుకుని కూర్చోవాలి. అతన్ని సేఫ్టీ పైలట్ అంటారు. రెండు సీట్ల ముందూ ఒకదానితో ఒకటి కదిలే నడిపే కర్రలుంటాయి; నేల ఐదువందల అడుగుల్లోకి వస్తే కర్ర అతని చేతికి వదిలెయ్యాలి. ఇది క్లబ్బు నియమం, ఇన్సూరెన్సు కంపెనీ షరతు కూడా.

దిగేటప్పుడు విమానం మైదానం చివరి గట్టుకు కొట్టుకుంది. చక్రాలు విరిగాయి, రంగనాథన్ చెయ్యి విరిగింది. విమానం చూడ్డానికి వచ్చిన పత్తి వర్తకులంతా చూస్తుండగా జరిగింది.

ఇవాళ తపాలాలో ఇన్సూరెన్సు కంపెనీ కాగితం వచ్చింది. అప్పాసామి దాన్ని చిన్నకొడుకు చేతికిచ్చాడు.

"పెద్దగా చదువు."

దామోదరసామి నిలబడే చదివాడు. సేఫ్టీ పైలట్ స్వహస్తంతో జవాబు రాయాలి. ఐదువందల అడుగుల దగ్గర కర్ర ఎవరి చేతిలో ఉంది? గట్టు మీకు కనబడిందా? కనబడితే ఎందుకు అందుకోలేదు?

"ఇందులో ఏమి ఉండాది? పక్క నుంచి గాలి కొట్టి తిప్పిందని రాయి," అన్నాడు తండ్రి.

"ఆ పొద్దు గాలే లేదు నాయినా."

"లేకపోతే ఉండాదని రాయి! నిజం రాస్తే కంపెనీవాడు చెయ్యి కడుక్కుంటాడు. అది సరి, విమానం నష్టం మనమే ఇస్తాము. నీ అన్న లైసెన్సో?"

తల్లి పట్టమ్మాళ్ చేట పక్కన పెట్టి వచ్చింది. "ఏమి దామోదరా, అన్న పేరు ఊరంతా నవ్వేతట్టు చేస్తావా? కూడబుట్టినోడు చేసే పనా ఇది?"

"అబద్దం రాస్తే వచ్చే నెల మేము మళ్ళా ఇట్లనే ఎక్కుతాము అమ్మా. ఇట్లనే దిగుతాము."

రంగనాథన్ విసురుగా లేచాడు. పదిహేను రోజుల తర్వాత మొదటిసారి తమ్ముడి ముఖంలోకి చూశాడు.

"నేను నిజమే చెప్తా, రాసుకో. గూడు తీస్తూనే ఎండ కండ్లలో కొట్టింది, గట్టు నా కంటికి తెలవలేదు. నీకు గూడు లేదే! నీకు ఎట్ల తెలవలేదు? జనాన్ని చూస్తా కూచుంటివా?"

దామోదరసామి కాగితం మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"తెలిసింది అన్నా."

"ఏమి?"

"గట్టు తెలిసింది. చానా ముందరే చూస్తిని. 'అన్నా' అని ఒక్కసారి పిలిస్తిని. 'నేనే దించుతా, ఊరుకోరా' అంటివి. నా చెయ్యి కర్ర మింద పెడితిని." కాగితం కిందికి దించాడు. "మళ్ళా తీసేస్తిని."

"చూసి కూడానా?"

"చూసి కూడా. నీ చేతిలోది ఎట్ల పీక్కునేది అన్నా? ఈ ఇంట్లో ఎప్పుడైనా పీక్కున్నానా?"

దొడ్లో ఎద్దు మెడపట్టెడ గల్లుమంది.

పట్టమ్మాళ్ స్తంభానికి ఆనుకుంది. దామోదరసామికి నాలుగేళ్ళప్పుడు, అన్న చేతిలోని బొంగరం లాక్కున్నందుకు చింతబరికె విరిగిందాకా కొట్టింది తనే. పెద్దోడి చేతిలోది వాడిచ్చిందాకా ముట్టకూడదు అని పది మందిలో చెప్పించింది. అప్పటినుంచి వాడు ఒక్కనాడూ ముట్టలేదు. బంధువులంతా మెచ్చుకుంటే తను పొంగిపోయింది. అంత ఎత్తులో, ఇద్దరు బిడ్డల ప్రాణం మీదికి వచ్చిన ఆ క్షణంలో కూడా వాడు ముట్టలేదు.

"నేను చేసిందే ఇది," అంది. కళ్ళ నీళ్ళు కొంగుకు అందడం లేదు. "ఇద్దరినీ నేనే చంపి ఉందును గదరా."

అప్పాసామి ఆమెను పట్టుకుని పీట మీద కూర్చోబెట్టాడు. రంగనాథన్ పుష్పంతో, "కలమూ మసీ తీసుకురా," అన్నాడు.

"రాయి దామోదరా. ఐదువందల అడుగుల కాడ కర్ర నేను ఇయ్యలేదని ముందు రాయి. నువ్వు తీసుకోలేదనేది అప్పరం, దాని కింద రాయి."

"లైసెన్సు పోతుంది అన్నా."

"పోనీ. మళ్ళా పరీక్షకు పోతా. జనం చూస్తా ఉండారని నియమం తప్పింది నేను. పదిహేను దినాలు నిన్ను గుడ్డోడంటిని." పుష్పం తెచ్చిన కలం తమ్ముడి ముందు పెట్టాడు. "మళ్ళా ఎగిరేటప్పుడు ముందు సీటులో నువ్వు కూచుంటావా?"

"కూచుంటా." తమ్ముడు కలం అందుకున్నాడు. "కానీ అన్నా, ఆ పొద్దు నువ్వు ఇయ్యకపోతే పీక్కుంటా. ఇప్పుడే చెప్తా ఉండా."

రంగనాథన్ నవ్వబోతే చెయ్యి కలుక్కుమంది. జవాబు తల్లి చెప్పింది.

"పీక్కో సామీ," అంది ఏడుస్తూనే. "గట్టిగా పీక్కో."