మోరీ దగ్గర ఆగిన పాట

“గుండె దడదడ అంటున్నది సార్. పిలగాడు ఇగ జన్మల మాట్లాడకపోతే?”

మెదక్ దవాఖానా ఎక్స్‌రే గదిలో తలుపు వేసి ఉంది. మదన్ మోహన్ పైకి ఎక్స్‌రే ఆపరేటర్; నిజానికి గూఢచారి శాఖ చీఫ్.

“ఎలిశిబమ్మా, జర ధైర్యం తెచ్చుకోండ్రి. ఇయ్యాల అయిదు గంటలకు రాడార్ సామాను లారీ మెదక్ వస్తది. తొవ్వల ఎక్కడనో బాంబు పెట్టిండ్రు.”

“ఎదురువోయి ఆపుండ్రి!”

“మూడు తొవ్వలున్నయ్. ఏ తొవ్వన వస్తదో టాప్ సీక్రెట్. ముఠాకు తెలుసు, మోషేకు తెలుసు. నాకు చెప్పలే.”

ఎలిశిబా దవాఖానాకు ఆయా, శాఖకు ఏజెంట్ థర్టీన్. ఆ నంబరు అచ్చిరాదని మూడు అర్జీలు పెట్టుకున్నా మార్చలేదు.

మోషే వైర్‌లెస్ ఏజెంటు. విదేశీ ముఠా మాటలు దొంగచాటుగా విన్నాడని వాళ్లు ఎడమ కణత మీద ఇనుపరాడ్‌తో కొట్టారు. పందొమ్మిది రోజులుగా నోట మాట లేదు, కుడిచెయ్యి లేవదు. అతడు ఎలిశిబా కన్నకొడుకని చీఫ్‌కు తప్ప ఎవరికీ తెలియదు. అందుకే అందరి రోగుల్లాగే అతడికీ దుప్పటి మార్చి, అందరినీ వదిలినట్టే వదిలి వెళ్లాలి. ఇంటికెళ్లి అలవాటుకొద్దీ రెండు పళ్లేల్లో అన్నం వడ్డించి, ఒక పళ్లెంలోది మళ్లీ గిన్నెలో వేసేది.

లోకంలో అందరినీ అనుమానించే ఎలిశిబా నమ్మింది ఒక్క సువర్ణనే. శాఖవాళ్లే హైదరాబాద్ నుంచి పంపిన నరాల డాక్టర్. నల్ల కళ్లద్దాలు, గది నిండా సెంటు వాసన.

“మెదడులో ఎడమవైపు, ముందు భాగంలో మాట పుట్టే చోటు ఉంటుంది. బ్రోకా ఏరియా,” అంది సువర్ణ ఆ ఉదయం. “అదే దెబ్బతింది. మనం అన్నది అర్థమవుతుంది, కానీ ఒక్క మాట చెప్పలేడు.” తర్వాత ఎలిశిబా ఎడమ మణికట్టు అందుకుంది. ఏడు నెలల కింద ముఠా కత్తి నరం తెంపిన చోటది. “ఇది రోజుకో మిల్లీమీటరు పెరుగుతుంది.” చూపుడువేలి కొసన గుండుసూది గుచ్చింది. “తెలుస్తోందా?”

“లేదు డాక్టరమ్మా. నరం తొవ్వ తప్పిందేమో?”

“ఒక్కోసారి తప్పుతుంది.”

ఆ మాట ఎలిశిబా మనసులో ముల్లులా దిగింది.

మూడున్నరకు వార్డులో మోషే దుప్పటి మారుస్తూ, భయంతో తనకు తెలియకుండానే కూనిరాగం తీసింది. వాడు బడికి వెళ్లే రోజుల్లో బస్సులో తప్పిపోతాడేమోనని, సాయంకాలం ప్రార్థన పాట రాగంలో ఊళ్ల పేర్లు కట్టి నేర్పింది. ఆమె ఒక వరుస పాడితే వాడు మరో వరుస అందుకునేవాడు.

“మెదకు దాటితె కుల్చారం...”

“కుల్చారం దాటితె మోరీ...”

ఎలిశిబా చేతిలోని దుప్పటి జారిపోయింది. పాడింది మోషే! మాట రాని నోట పాట వచ్చింది.

మోరీ అంటే అక్కడి రోడ్డు కింది తూము; తరువాతి వరుస కౌడిపల్లి. వాడు అక్కడికి పోలేదు. “మోరీ... మోరీ...” అని ఆ రాగంలోనే ఆగిపోయి, ఎడమచేత్తో ఆమె కొంగు గుంజాడు.

ఎలిశిబా బెడ్‌పాన్ తీసుకొని స్టోర్‌రూమ్‌లోకి పరుగెత్తింది. దాని అడుగునే వైర్‌లెస్. “మందు సీసా పగిలింది!” బాంబు జాడ దొరికిందని చీఫ్‌కు సంకేతమది.

చీఫ్‌తో ఎక్కిన జీపు కుల్చారం దాటేసరికి నాలుగున్నరకు రెండు నిమిషాలు. కౌడిపల్లి దిక్కున లారీ దుమ్ము. మోరీ పక్కన బానెట్ ఎత్తిన కారు. చెడిపోయిన కారు ముందు నిలబడ్డట్టు నల్ల కళ్లద్దాలు, చేతిలో సిగరెట్ లైటర్.

“డాక్టరమ్మా?”

మదన్ మోహన్ పిస్తోలు తీశాడు. సువర్ణ నిబ్బరంగా నవ్వింది. “లేటయింది చీఫ్. వత్తి అంటుకుంది. అయినా మీకెలా తెలిసింది? వాడు మాట్లాడలేడు కదా!”

“మాట్లాడలే,” అంటూ ఎలిశిబా మోరీలోకి దూరింది. “పాడిండు!”

లోపల నిప్పు చుర్రుమంటూ బాంబుకు బెత్తెడు దూరంలో ఉంది. మొద్దుబారిన ఎడమచేత్తో మంట మీదే పట్టి వత్తిని ఊడలాగింది. నెత్తిమీద లారీ దడదడమంటూ దాటిపోయింది.

ఆ మరుక్షణం చూపుడువేలి కొస చురుక్కుమంది. ఏడు నెలల్లో మొదటిసారి.

“కాలింది సార్! కాలింది!” ఎలిశిబా ఏడుస్తూ నవ్వింది. నరం తొవ్వ తప్పలేదు.

చీకటి పడకముందే చేతికి కట్టుతో మోషే మంచం పక్కన కూలబడింది. లారీ దక్కినా గుబులు తగ్గలేదు.

“డాక్టరమ్మ జైలుకువాయె, ఇగ నిన్నెవరు చూస్తరు? గీ చెయ్యి చీము పడితే? పాట సుత మర్చిపోతే ఎట్ల? ఆకలైతే ఏమని అడుగుతవు?”

ఎలిశిబా కొంగుతో కళ్లు తుడుచుకుంది. పక్క మంచం రోగి ఇటు పొర్లాడు. మోషే ఎడమచేత్తో ఆ కొంగే గుంజాడు. ఈసారి రాగం లేదు. వార్డంతా వినేట్టు, టాప్ సీక్రెట్ కాస్తా బయటపెడుతూ అన్నాడు:

“అ... అమ్మా... ఊకో.”