కదలని అంకె

ఫోన్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిన రోజు ఆ ఇంట్లో ఫోన్లన్నీ భోజనాల బల్ల మీద వరసగా పడుకుంటాయి. నానమ్మ దానికి టీకాల రోజు అని పేరు పెట్టింది. ఆ పొద్దున కూడా అతను కాఫీ కప్పు పక్కకు జరిపి, చిక్కుపడ్డ ఛార్జర్ల తీగలు విడదీసి, ఒక్కో ఫోన్‌కీ ఒక్కో తీగ తగిలిస్తున్నాడు.

"ఒరేయ్, నాదానికి మాత్రం సూది వెయ్యకు," అంది నానమ్మ, బటన్ల ఫోన్ ఒళ్ళో పెట్టుకుని. "దానికి ఇంతవరకు జలుబు కూడా చెయ్యలేదు."

"దానికి వెయ్యడానికి సూదెక్కడుందమ్మా? తయారుచేసినవాళ్ళే దాన్ని మర్చిపోయారు."

"నేను మర్చిపోలేదుగా."

అతను ఒక వార్తల సైటుకు టెక్నాలజీ కాలమ్ రాస్తాడు. ఏ ఫోన్ కొనాలి, ఏది దండగ, ఏ కంపెనీ పాత ప్రమాణాన్ని వదలకుండా జనాన్ని విసిగిస్తోంది, ఇవన్నీ తేల్చి చెబుతాడు. అప్‌డేట్లు వాయిదా వేసేవాళ్ళకు 'రేపు పార్టీ' అని పేరు పెట్టాడు. ఆ మాట పాఠకులకు నచ్చింది. ఇంట్లో రేపు పార్టీకి ఒక్కరే సభ్యురాలు, అతని భార్య.

ఆమె పళ్ళ సెట్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తుంది. మైనపు పన్ను ఒకటి వెంట్రుకవాసి పక్కకు జరిగితే అవతలి మనిషి నెలంతా నమల్లేడని ఆమెకు తెలుసు. దేన్నీ తొందరపడి మార్చదు. భర్త వేళాకోళం పట్టించుకోకుండా, ఇంట్లో ఆమె పెట్టిన నియమం ఒకటే ఉంది. కూతురి ఫోన్‌కు ఆమె ల్యాబు నుంచి తెచ్చిన ఎర్ర రబ్బరు బ్యాండ్ చుట్టి ఉంటుంది. ఆ బ్యాండ్ ఉన్నంతసేపు ఆ ఫోన్‌ను ఎవరూ ముట్టకూడదు.

కూతురిని ఇంట్లో పిచ్చిక అంటారు. తొమ్మిదో క్లాసు. చిన్నప్పటి నుంచి షుగర్ ఉంది. మోచేతి పైన అంటించిన సెన్సర్ ఆమె రక్తంలో చక్కెర ఎంతుందో ఫోన్‌కు చెబుతుంది. అంకె పడిపోతే ఆ ఫోన్ మోగుతుంది. అదే అంకె తల్లి ఫోన్‌లోనూ కనిపిస్తుంది. కొత్త వెర్షన్ ఇప్పుడే వేసుకోవద్దని, తమ యాప్ ఇంకా సిద్ధం కాలేదని సెన్సర్ కంపెనీ కిందటి వారమే సందేశం పంపింది. తల్లి ఆ సంగతి భర్తకు చెప్పింది. అతను నవ్వాడు. "వాళ్ళు ప్రతిసారీ అదే పాట పాడతారు. తమ పని ఆలస్యం చేసుకుని జనాన్ని ఆగమంటారు."

కొత్త వెర్షన్‌లో అతనికి బాగా నచ్చింది ఒక్కటే. కొత్త ప్రమాణం ప్రకారం రాయని యాప్‌లన్నిటినీ అది స్క్రీన్ ఆరగానే నిద్రపుచ్చుతుంది. బ్యాటరీ ఆదా. ఈ మాట ఎవరో ఒకరు గట్టిగా చెప్పాల్సిందేనని అతను ముందే కాలమ్ రాసి పెట్టుకున్నాడు. చివరి వాక్యం ఇలా ఉంది: 'మా ఇంట్లో ఫోన్లన్నిటికీ పొద్దున్నే ఎక్కించాను. తేడా ఎవరూ గమనించలేదు కూడా.'

ఆ వాక్యం ఇంకా నిజం కాలేదు. నానమ్మది లెక్కలోకి రాకపోయినా, కూతురిది మిగిలి ఉంది. నిజం కానిది రాయడం అతనికి ఇష్టం ఉండదు.

భార్య స్నానానికి వెళ్ళింది. పిచ్చిక లోపల జడ వేసుకుంటోంది. అతను ఫ్రిజ్ మీది కూతురి ఫోన్ తీసి, బ్యాండ్ వేలికి తగిలించుకుని, తీగ గుచ్చాడు.

"కోడలు ఒప్పుకుందా?" అంది నానమ్మ.

"ఆఁ," అన్నాడు.

ఫోన్ ఆగి, మళ్ళీ వెలిగింది. యాప్ తెరిచి చూశాడు. 118. బాగానే ఉంది. బ్యాండ్ ఎప్పటిలాగే రెండు చుట్లు చుట్టి, ఫోన్‌ను ఫ్రిజ్ మీద పెట్టేశాడు. పిల్ల దాన్ని బ్యాగులో వేసుకుని బడికి వెళ్ళింది. ఆమె మెట్లు దిగుతుండగానే అతను కాలమ్ పంపేశాడు.

ల్యాబులో పిచ్చిక తల్లి బల్ల మీద మైనం వేడిచేసే దీపం, సన్న కత్తి, అచ్చులు ఉంటాయి. వాటి పక్కన ఫోన్ నిలబెట్టి ఉంటుంది. పని చేస్తూ మధ్యమధ్యలో దాన్ని చూడడం ఆమెకు ఊపిరి తీసుకోవడం లాంటిది.

"ఈరోజు మీ పిచ్చిక బుద్ధిగా ఉన్నట్టుందే," అంది పక్క బల్ల సహోద్యోగి. "పొద్దుటి నుంచి ఒక్కసారి కూడా మొహం ముడవలేదు నువ్వు."

"నూట పద్దెనిమిది. అలాగే నిలబడింది."

"దిష్టి తగులుతుంది, గట్టిగా అనకు."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఆ పూట పై వరస పళ్ళు మొత్తం అమర్చింది. చాలా నెలల తర్వాత చెయ్యి తేలిగ్గా కదిలింది. భోజనం డబ్బా మూత తీసి అలవాటుగా ఫోన్ వైపు చూసింది. 118.

ముద్ద నోటి దాకా వెళ్ళి ఆగింది.

పిల్ల టిఫిన్ తిన్నది. ఇన్సులిన్ వేసుకుంది. నడిచి బడికి వెళ్ళింది. క్లాసుల్లో కూర్చుంది. ఇన్ని జరిగినా అంకె ఒక్క మెట్టు ఎక్కలేదు, దిగలేదు. బతికున్న మనిషి చక్కెర అలా నిలబడదు. అంకె కింద బూడిద రంగు అక్షరాల్లో, అది ఎప్పటిదో రాసి ఉంది. అంత చిన్న అక్షరాలు చదవాల్సిన అవసరం ఆమెకు ఇంతవరకు రాలేదు. ఇప్పుడు చదివింది. పిల్ల ఇల్లు వదలకముందుది.

పిచ్చికకు ఫోన్ చేసింది. మోగుతూనే ఉంది. బడిలో ఫోన్లు బ్యాగులోనే ఉండాలి, సెన్సర్ అలారం తప్ప మరే చప్పుడూ రాకూడదు. బడి ఆఫీసుకు చేసింది. ఎత్తలేదు. భర్తకు చేసింది.

"పిల్ల ఫోన్ ముట్టుకున్నావా?"

అతను ల్యాప్‌టాప్ మూత దించాడు. 

"అప్‌డేట్ వేశాను. అంతే."

"అంకె కదలట్లేదు. పొద్దుటి నుంచి కదలట్లేదు. బడికి నువ్వే దగ్గర. పరిగెత్తు."

అతను చెప్పులు కూడా సరిగ్గా వేసుకోలేదు. తను మెచ్చుకున్న సంగతి మెట్ల మీద ఉండగానే తట్టింది. స్క్రీన్ ఆరగానే నిద్రపుచ్చుతుంది. పొద్దున తను స్క్రీన్ వెలిగించి చూశాడు కాబట్టి యాప్ మేలుకుంది. పిల్ల ఫోన్ బ్యాగులో వేసుకోగానే పడుకుంది. సందు చివర సిగ్నల్ దగ్గర బళ్ళ మధ్య నుంచి దూరి దాటాడు. ఎవరో తిట్టారు. గేటు దగ్గర కాపలా మనిషి ఎవరు కావాలని అడిగితే కూతురి పేరు చటుక్కున నోటికి రాలేదు.

"పిచ్చిక," అన్నాడు. "తొమ్మిదో క్లాసు. ఇప్పుడు ఏ క్లాసు?"

ఆటల క్లాసని కాపలా మనిషి చెప్పాడు.

ఆటల హాలు గుమ్మం పక్కన బూట్లు పెట్టే చోట పిచ్చిక నేల మీద కూర్చుని ఉంది. మొహం తెల్లబడింది. నుదుటి మీద వెంట్రుకలు తడిసి అతుక్కున్నాయి. స్నేహితురాలు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పళ్ళరసం డబ్బా స్ట్రా ఆమె నోటికి పట్టుకుంది. పిచ్చిక వేళ్ళు వణుకుతూ డబ్బాను వెతుక్కుంటున్నాయి.

"అంకుల్, రెండు రౌండ్లు పరిగెత్తి, నన్ను వేరే పేరుతో పిలిచింది," అంది ఆ పిల్ల. "అందుకని కూర్చోబెట్టేశాను."

అతను కూతురి వేలికి సూది గుచ్చి, బ్యాగులో ఉండే చిన్న మీటరుతో చూశాడు. 49. డెబ్బై కిందకు దిగకూడదు. రెండో డబ్బా తాగించాడు. మళ్ళీ చూశాడు. 63. టీచరు వచ్చి ఏదో అడుగుతోంది. అతనికి వినపడట్లేదు. 81 వచ్చాక పిచ్చిక తల గోడకు ఆనించి అతని వైపు చూసింది.

"కాళ్ళు తేలిపోతున్నాయనిపించింది నాన్నా. కానీ ఫోన్ మోగలేదు. మోగలేదు కదా, బానే ఉన్నాననుకున్నా."

 అతను బ్యాగులోంచి ఫోన్ తీశాడు. ఫోన్ మీద ఎర్ర బ్యాండ్, తను చుట్టినట్టే, రెండు చుట్లు ఉంది.

సాయంత్రం దీపాలు వెయ్యకముందే ఇల్లు చేరారు. పిచ్చిక సోఫాలో పడుకుంది. తల్లి ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, కాసేపటికోసారి వేలి మీద చుక్క తీసి చూస్తోంది. నానమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. అతను బల్ల దగ్గర నిలబడే ఉన్నాడు. తీగలు ఇంకా అక్కడే ఉన్నాయి.

"తప్పయిపోయింది," అన్నాడు.

"ఏది?" అంది భార్య. గొంతు పెంచలేదు.

"అప్‌డేట్ వెయ్యడం."

"వేశావు. నీకు తోచింది, వేశావు. దానికి కోపం వస్తే అరిచి ఊరుకునేదాన్ని." ఆమె ఫోన్ తీసి బ్యాండ్ చూపించింది. "తీసినవాడివి తీసినట్టు ఉంచితే బడికి వెళ్ళేముందు నేను చూసేదాన్ని. మళ్ళీ చుట్టావు. రెండు చుట్లు. నేను చుట్టినట్టే."

"నేనడిగానమ్మా," అంది నానమ్మ మెల్లగా. "కోడలు ఒప్పుకుందా అని. ఆఁ అన్నాడు. నీ మాట ఉందనుకుని ఊరుకున్నాను."

ఆమె భర్త వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

"ఎందుకు? అంత తొందరేమొచ్చింది? రేపు వేస్తే ఏమయ్యేది?"

"కాలమ్‌లో రాసేశాను. అన్ని ఫోన్లకీ వేశానని."

"రాసింది నిజం చెయ్యడానికి వేశావా?"

 ఆమె తన ఫోన్‌లో ఆ కాలమ్ తెరిచి, చివరి వాక్యం పైకి చదివింది. "తేడా ఎవరూ గమనించలేదు కూడా." చదవడం ఆపి కూతురి జుట్టు వెనక్కి దువ్వింది. "నిజమే. నేను గమనించలేదు. పొద్దంతా ఆ అంకె చూసి సంతోషంగా పళ్ళు అమర్చుకుంటూ కూర్చున్నాను. నవ్వాను కూడా."

అప్పుడు ఆమెకు ఏడుపు వచ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది. అతను దగ్గరికి రాబోతే చేత్తో ఆగమంది.

"ఈ సెన్సర్ మన పిల్లకొక్కదానికే లేదు. ఇది చదివి ఇంకెంతమంది ఇళ్ళల్లో వేసుకుంటున్నారో."

అతను వెంటనే ఎడిటర్‌కు ఫోన్ చేశాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"ఈ రోజు అన్నిటికన్నా ఎక్కువమంది చదువుతున్నది నీదేనోయ్," అన్నాడు ఎడిటర్. "కింద ఒక లైన్ సవరణ పెడదాం. జాగ్రత్త పడండి అని."

"కింద ఎవరూ చదవరు సార్. తీసెయ్యండి. దాని స్థానంలో నేను తప్పు రాశానని పైనే పెట్టండి. సెన్సర్లు వాడేవాళ్ళు ఆగమని మొదటి వాక్యంలోనే ఉండాలి."

"కంపెనీ వాళ్ళు ఏమంటారో."

"ఏమైనా అననివ్వండి. ముందు తీసెయ్యండి. మిగతాది రాసి పంపిస్తాను."

ఫోన్ పెట్టేసి ల్యాప్‌టాప్ తెరిచాడు. 'మా అమ్మాయి' అని మొదలుపెట్టాడు. సోఫాలోంచి గొంతు వినిపించింది.

"నాన్నా, నా గురించి రాస్తున్నావా?"

"జరిగింది చెప్పాలి కదరా."

"నీకు జరిగింది రాసుకో. నేను బూట్ల దగ్గర కూర్చున్నది రాయకు. రేపు క్లాసులో అందరూ నా వైపు జాలిగా చూస్తారు."

అతను ఆ రెండు మాటలూ చెరిపేశాడు. 'నేను' అని మొదలుపెట్టాడు. నాకు ఆగమని చెప్పారు, నేను ఆగలేదు, అడిగినవాళ్ళకు అబద్ధం చెప్పాను అని రాశాడు. ఎప్పుడూ ఇంత చిన్న కాలమ్ రాయలేదు. పంపేముందు ల్యాప్‌టాప్ భార్య వైపు తిప్పాడు. ఆమె చదివి, "రేపు పార్టీ మాట కూడా వెనక్కి తీసుకున్నానని రాయి," అంది. రాశాడు.

కొత్త వెర్షన్ వేశాక వెనక్కి వెళ్ళడం కుదరదు. అతను గదిలోకి వెళ్ళి, సమీక్షల కోసం వచ్చి మూలపడ్డ ఫోన్ల అట్టపెట్టె తెచ్చి నేల మీద బోర్లించాడు. పాత వెర్షన్‌తో నడిచేది ఒకటి దొరికింది. స్క్రీన్ మూల పగిలి ఉంది.

"ఇది నువ్వు చెత్తబుట్టకు కూడా బరువని రాసిందే కదా?" అంది పిచ్చిక లేచి కూర్చుని.

"అదే."

"పాపం, ఎంత ఏడ్చిందో," అంది నానమ్మ. మనవరాలు నవ్వింది. ఆ నవ్వు విని తల్లి కళ్ళు తుడుచుకుంది.

యాప్ ఎక్కింది. సెన్సర్‌ను వెతుక్కుంటూ గుండ్రంగా తిరిగింది. నలుగురి తలలూ ఆ పగిలిన స్క్రీన్ మీదికి వంగాయి. 112 వచ్చింది. అతను స్క్రీన్ ఆర్పేసి, ఫోన్‌ను బోర్లా పెట్టాడు. ఆమె తన ఫోన్ చేత్తో పట్టుకుని, అంకె కదులుతుందా అని చూస్తూ కూర్చుంది.  వంటింట్లో ఫ్రిజ్ ఆగి మళ్ళీ మొదలైంది.

115.

ఆమె గట్టిగా ఊపిరి వదిలింది. అప్‌డేట్ వేసిన ఫోన్ మీది ఎర్ర బ్యాండ్ తీసి చేతిలో పట్టుకుంది. అతను చెయ్యి చాపాడు, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ఆమె ఇవ్వనూ లేదు, తను చుట్టనూ లేదు.

పిచ్చిక తల్లి వేళ్ళలోంచి బ్యాండ్ లాక్కుంది.

"చెయ్యి నాది, సెన్సర్ నాది. ఇక నుంచి ఇది నేనే చుట్టుకుంటా. ఎవరు ముట్టాలన్నా నన్నడగండి. నువ్వు కూడా, అమ్మా."

"నేనా? నేనేం చేశానే?"

"నువ్వు పొద్దస్తమానం అంకె చూస్తావు. నీకొకసారి ఫోన్ చేసి నేనెలా ఉన్నానో చెబుతా, లంచ్‌లో. టీచర్‌ని అడిగి. అప్పుడు నన్ను నమ్ము, దాన్ని కాదు."

 తల్లి పక్కనే నిలబడ్డ భర్త చేతిని, చూడకుండానే, పట్టుకుంది.  ఆమె వదల్లేదు.

పిచ్చిక పగిలిన ఫోన్‌కు బ్యాండ్ చుట్టింది. మూడు చుట్లు. ఆమె ఫోన్ బల్ల మీద పెడుతుండగా తల్లి చేతిలోని ఫోన్‌లో అంకె మళ్ళీ మారింది.