మూడో ఎర్ర చుక్క

సాయంత్రం ఆరింటికి గోడపలక వెలగగానే వకుళ పొయ్యి మీద పోపు వదిలేసి పరుగెత్తింది. భర్త సోమశేఖరం బండికి నిన్నటి లెక్కలో కూడా రెండే ఎర్ర చుక్కలు.

ఏలూరులో ప్రతి మోటారుసైకిలు గొట్టంలోనూ పొగసాక్షి పెట్టి ఏడేళ్లయింది. గొట్టంలో ఉండే శుద్ధికోశం పొగలోని విషాన్ని విరిచేస్తుంది, కానీ బాగా వేడెక్కితేనే. చల్లారిన బండిని మళ్లీ తీస్తే మొదటి రెండు నిమిషాలూ విషం అలాగే బయటికొస్తుంది. ఆ తప్పుకి పొగసాక్షి ఒక ఎర్ర చుక్క వేసి బండిగల ఇంటి గోడపలకకి చేరవేస్తుంది. ఊళ్లో గాలి బాగుపడాలని చేసిన ఏర్పాటది. మొగుళ్లు ఎన్నిచోట్ల ఆగారో లెక్కపెట్టుకోమని ఇల్లాళ్లకిచ్చింది కాదు.

ఇంటి దగ్గర ఒకటి, ఆఫీసు దగ్గర ఒకటి. పోయిన వేసవిలో మూడోది పడింది. నిలదీస్తే, ఆయాసంతో బాధపడుతున్న అక్క తాయారును చూసొచ్చానన్నాడు. వకుళకు ఒళ్లు మండిపోయింది. తనతో పది మాటలు మాట్లాడని మనిషి అక్క దగ్గర గంటలు గంటలు కూర్చుంటాడా?

"ఆవిడ కావాలో నేను కావాలో తేల్చుకోండి" అంది.

మర్నాటి నుంచీ రెండే చుక్కలు. గెలిచానని మురిసిపోయింది. కానీ ఐదింటికి ఆఫీసు వదిలిన మనిషి ఏడింటికి గానీ ఇల్లు చేరడం లేదు. అనుమానం పెనుభూతం. అదే ఇవాళ ఆమెచేత చెప్పులు తొడిగించి, రెండు వీధులవతల తాయారు ఉండే సందుకు నడిపించింది.

ఎత్తైన మేడల మధ్య ఇరుకు సందు. నాలుగు గుమ్మాల ముందు నాలుగు బళ్లు, మీద మనుషులు లేకుండా గుడగుడలాడుతున్నాయి. ఆపకపోతే శుద్ధికోశం చల్లారదు, చుక్క పడదు. వకుళకు విషయం అర్థమైంది. కళ్లు మండాయి కూడా. ఎంత శుద్ధిచేసినా గాలాడని చోట గంటసేపు వదిలితే పొగ పొగే.

నాలుగోది సోమశేఖరం బండి, సరిగ్గా తాయారు కిటికీ కింద. వకుళ కసిగా మీట నొక్కి ఆపేసింది.

మూసిన కిటికీ వెనక దగ్గు.

"ఎవరమ్మా అది? ఆ బండి ఆపకండి. మా తమ్ముడు నా మందుకోసం వీధి చివరికెళ్లాడు. ఆపితే వాడి పెళ్లానికి తెలిసిపోద్ది. ఇంక రానివ్వదు."

దగ్గు తగ్గాక తలుపు కొడదామని వకుళ నిలబడింది. అది తగ్గలేదు.