నేరేళ్లమడుగు వారి అమ్మాయి, నేరేళ్లమడుగు వారి అబ్బాయి

ప్రవీణకు అనుమానం పుట్టుకతోనే వచ్చింది. కూరగాయలామె నాలుగు పచ్చిమిరపకాయలు కొసరు వేసినా, 'ఎందుకేసింది?' అని ఇంటిదాకా ఆలోచిస్తుంది. అదృష్టం బాగుండి, ఆ గుణానికే జీతమిచ్చే ఉద్యోగం దొరికింది.

నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక గోడౌన్ పైన ఉంది ఆ ఆఫీసు. విదేశాల వాళ్లకు వాళ్ల తాతముత్తాతల్ని వెతికిపెట్టడం అక్కడి పని. రీసెర్చి వాళ్లు వంశవృక్షాలు రాస్తారు. ప్రవీణ వాటిలో తప్పులు పట్టి వెనక్కి కొడుతుంది.

జూలైలో ఒక సోమవారం మేనేజర్ ఉమామహేశ్వర్ కొత్తతన్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"ప్రవీణా, ఈయన తేజేష్. కాకినాడ నుంచి. ఇంటిపేరు చెప్తే నువ్వు నమ్మవు."

"నేను మామూలుగనే నమ్మను సార్."

అతని మెడలో వేలాడుతున్న కార్డు చూసింది. నేరేళ్లమడుగు తేజేష్. తన కార్డు చూసుకుంది. నేరేళ్లమడుగు ప్రవీణ. మళ్లీ అతని మొహం చూసింది. మొహం బాగానే ఉంది. అందుకే ఇంకొంచెం అనుమానమేసింది.

"ఒకే ఇంటిపేరు! అయితే అన్నాచెల్లెళ్లన్నమాట," అన్నాడు మేనేజర్ సంబరంగా. ఆఫీసంతా నవ్వింది. వాళ్లిద్దరే నవ్వలేదు.

సాయంత్రం ఇంట్లో ఆ మాట చెప్పగానే తాత గండయ్య కంచంలో చెయ్యి ఆపేశాడు. ప్రవీణ అమ్మానాన్నా ఇద్దరూ ఉద్యోగాలు చేస్తున్నా, పాత నాచారంలోని ఆ ఇంట్లో ఆఖరిమాట ఎనభై ఏళ్ల గండయ్యదే.

"కాకినాడోడా? మన ఇంటిపేరు గీ నాచారంల తప్ప యాడ లేదు బిడ్డా. ఇరవై ఏండ్ల కింద ఒకడు గిట్లనే వచ్చిండు. నేను మీ పాలోడిని, మీ వంశమోడినే, జాగల నాకు హిస్సా ఉన్నదన్నడు. పదకొండేండ్లు కోర్టు సుట్టు తిప్పిండు. గెలిచినం గనీ నా పాణం సగం ఆడనే పోయింది. వానితోని జర పైలం."

ఇంటి వెనక ఖాళీ జాగా విలువ ఇప్పుడు ఎంతుంటుందో నాచారంలో అందరికీ తెలుసు. ప్రవీణ పైలంగానే ఉండాలనుకుంది.

మూడోరోజు తేజేష్ మొదటి రిపోర్టు ఆమె దగ్గరికి వచ్చింది. స్కాట్లాండ్‌లో రిటైరైన టీచరమ్మ ఒకావిడ, తన ఇంటిపేరు 'డ్రమ్‌కెరో' ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పమంది. ప్రవీణ ఆ రిపోర్టును ఎర్ర మార్కులతో నింపి తిప్పిపంపింది.

అతను కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. "ఇరవై మూడు మార్కులా? మా లెక్కల మాస్టారు కూడా ఇన్ని పెట్టలేదండీ."

"1881 జనాభా లెక్కల్ల ఈ పేరోళ్లు అరవై ఒక్కమందే అని రాసిన్రు. అందరు సముద్రం ఒడ్డున ఒక్క ఊర్లెనే. ఇరవై ఏండ్ల తర్వాత సూస్తే సగం మంది డండీ పట్నంల ఉన్నరు. ఎందుకు పోయిన్రు?"

"జనపనార మిల్లులండీ. చేపలు సరిగ్గా పడక మిల్లు పనికెళ్లారు. అక్కణ్ణుంచి కొందరు కెనడా పోయారు. ఒకాయన కలకత్తా మిల్లుకి మేస్త్రీగా వచ్చాడు. ఇప్పుడు ప్రపంచం మొత్తమ్మీద నూట నలభై మంది మిగిలారు. ఒక పెళ్లికి పిలిస్తే అయిపోతారు."

ఆ మాటకు నవ్వు రాబోతే ప్రవీణ పెన్ను క్యాప్ కొరికి ఆపుకుంది. "పదిహేడో మార్కు సూడున్రి. 1790ల రాబర్ట్ అనేటోడు పెండ్లి చేస్కొని, భార్య ఇంటిపేరు పెట్టుకున్నడట. మొగోడు పేరు మార్చుకుంటడా? ప్రూఫ్ ఏది?"

"చర్చి రిజిస్టర్ ఉందండీ. మామగారికి కొడుకుల్లేరు. నా పొలం కావాలంటే నా పేరు కూడా పెట్టుకో అన్నాడు. అంటే ఇల్లరికమే. స్కాట్లాండ్ ఇల్లరికం."

ఈసారి నవ్వు ఆగలేదు. అతను మాత్రం నవ్వకుండా, ఆమె నవ్వునే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత రిజిస్టర్ కాపీ తెచ్చి చూపించాడు. నిజమే.

ఆ వారాంతంలో నానమ్మ కళ్లజోడు తేవడానికి ఉప్పల్ వెళ్తే, మెట్రో మెట్ల దగ్గర వాన పట్టుకుంది. పక్కన గొడుగు విప్పుతూ తేజేష్. అతని గది అక్కడేనట. షేర్ ఆటో దాకా ఒకే గొడుగు కింద నడిచారు. అతని భుజం పూర్తిగా తడిసిపోయింది, ఆమెది తడవలేదు. ఆ సంగతి ఆమె చూడనట్టు చూసింది.

"ఒకటి అడగనా?" అన్నాడు, దింపి వస్తానని తనూ నాచారం ఆటో ఎక్కి, ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుని.

ప్రవీణ గుండె జల్లుమంది. "అడుగున్రి."

"మీ ముత్తాతగారి పేరేంటండీ?"

వానలో, పక్కపక్కన కూర్చున్నప్పుడు, అబ్బాయిలు అడిగే ప్రశ్న కాదది. అయినా చెప్పింది. "ఎల్లయ్య."

"ఆయనకి అన్నదమ్ములున్నారా? నాచారం రాకముందు ఏ ఊరు?"

ఆ రోజుతో మొదలు. క్యాంటీన్‌లో ఒక ప్రశ్న, లిఫ్ట్‌లో ఒక ప్రశ్న. ఆమె టీలో చక్కెర ఎంతో గుర్తుపెట్టుకునేవాడు, జ్వరమొస్తే మాత్రలు తెచ్చిచ్చేవాడు, ఆ వెంటనే ముత్తాత మేనమామల సంగతి అడిగేవాడు. ప్రవీణకు అతను నచ్చుతున్న కొద్దీ అనుమానం పెరిగింది. అతను ఒకరోజు సెలవు పెడితే ఆఫీసు బోసిగా అనిపించింది, అదీ నిజమే. దాంతో తన మీద తనకే అనుమానం మొదలైంది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం, అతను టిఫిన్ బాక్సు కడుక్కోవడానికి వెళ్లినప్పుడు, అతని కంప్యూటర్ తెరిచే ఉంది. తెర మీద మ్యాప్ ఉంది. స్కాట్లాండ్ మాత్రం కాదు. గోదావరి పక్కన గుత్తిగా ఎర్రచుక్కలు, ఎక్కడో దూరంగా నాచారంలో ఒకే ఒక్క చుక్క. దాని మీద నొక్కింది. నేరేళ్లమడుగు గండయ్య, ఇంటి నంబరు, తండ్రి ఎల్లయ్య, తల్లి మల్లవ్వ. కింద నాన్న పేరు. దాని కింద తన పేరు.

మళ్లీ ఒకసారి చదివింది.

తేజేష్ తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి అక్కడే ఆగిపోయాడు.

"ఎవరు పంపిన్రు నిన్ను?" అంది. 'మీరు' ఎప్పుడు పోయిందో ఆమెకే తెలీదు.

"ఎవరూ పంపలేదండీ."

"మా తాత ఇంటి నంబర్ నీకెందుకు?"

"ఓటర్ల లిస్టులో ఉంది."

"మా ముత్తవ్వ పేరు?"

"పాత భూముల లెక్క, పహాణీ నకలులో ఉంది. ముత్తాతగారి పేరు మీరే చెప్పారు, ఆటోలో."

"ఎందుకు అడిగినవ్? ఆ జాగా కోసమేనా? గందుకేనా గొడుగు పట్టింది, మాత్రలు తెచ్చింది?"

అతను తల దించుకున్నాడు.  చాలా మెల్లగా అన్నాడు.

"మీరు నాకు చెల్లెలు కాకూడదని."

పక్క గదిలో ప్రింటర్ టకటకా కొట్టుకుంటోంది.

"వచ్చిన రోజే మేనేజర్ గారు అన్నాచెల్లెళ్లన్నారు కదండీ. ఆ రోజు నుంచీ నాకు నిద్రలేదు. మా ఇంట్లో ఒకే ఇంటిపేరంటే చచ్చినా ఒప్పుకోరు. మీ ఇంట్లోనూ అంతే కదా? అందుకే డ్రమ్‌కెరో వాళ్లకి చేసినట్టే మనకీ చేశాను. చూడండి." అతను తెర మీద వేలు పెట్టాడు. "మా వాళ్లంతా గోదావరి పక్క మూడూళ్లలోనే. మధ్యలో ఎక్కడా లేరు. మీవైపు ఒక్కటే ఇల్లు. ఎల్లయ్య గారికి ముందు నాచారంలో ఈ పేరుతో పట్టాదారు ఒక్కరే, మల్లవ్వ గారు. భూమి ఆవిడ పుట్టింటిది. ఈయన పేరు పెళ్లయ్యాకే కనిపిస్తోంది. నా అనుమానం ఏంటంటే... రాబర్ట్ లాగా..."

"ఇల్లరికమా?"

"అయితే మనం అన్నాచెల్లెళ్లం కాదు."

ఒక్క నిమిషం ప్రవీణకు లోకమంతా బాగున్నట్టు అనిపించింది. మరుక్షణం ఆమె ఉద్యోగం గుర్తొచ్చింది. ముత్తాత ఇల్లరికమైతే తాము అసలు నేరేళ్లమడుగు వాళ్లు కారు. అసలువాళ్లు ఎవరు? ఈ ఎదురుగా నిలబడ్డవాడి వాళ్లు! పదకొండేళ్లు కోర్టుకు తిప్పినవాడు వచ్చింది కూడా ఆ వంశం పేరుతోనే. ప్రేమకు ఏ కాగితం కావాలో కబ్జాకు కూడా అదే కాగితం కావాలి. ఇతను దేనికోసం వెతికాడో మొహం చూసి ఎలా చెప్పడం?

"వచ్చే ఆదివారం మా ఇంటికి రా," అంది. "నీకేం కావాలో మా తాత ముందర చెప్పు."

అమ్మానాన్నా అంబర్‌పేట్‌లో పెళ్లికి వెళ్లిన ఆదివారం అతను వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. పొద్దున్నే కాకినాడ రైలు దిగి తిన్నగా వచ్చాడట. నానమ్మ రుక్కమ్మ చాయ్ ఇచ్చేలోపే అతని కులం, పొలం, జీతం అన్నీ రాబట్టేసింది. దేనికీ మూతి తిప్పలేదు. గండయ్య మాత్రం కూర్చోమని కూడా అనలేదు.

"ఎవడు పంపిండు నిన్ను?"

మనవరాలు అడిగిన ప్రశ్నే. తేజేష్ సంచీలోంచి కవరు తీసి ఇచ్చాడు. అందులో స్టాంప్ పేపరు ఉంది. నోటరీ ముద్ర, రెండు సంతకాలు. ప్రవీణ తీసుకుని పైకి చదివింది. నాచారంలో గండయ్య గారి జాగా మీద నేరేళ్లమడుగు త్రిమూర్తులుకు గానీ, ఆయన కుమారుడు తేజేష్‌కు గానీ, వారి వారసులకు గానీ ఏ హక్కూ లేదు, ఎప్పటికీ అడగబోము.

ఇతను ఈ కాగితం కోసం రాత్రంతా రైల్లో కూర్చుని, తండ్రి చేత సంతకం పెట్టించుకొచ్చాడు. ఇన్నాళ్లూ తాను ఎంత అన్యాయంగా అనుమానించిందో అప్పుడు తెలిసింది. జీవితంలో మొదటిసారి ఒక కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూడలేదు. ఆ పని తాత చేశాడు. ముద్ర చూశాడు, తేదీ చూశాడు, గోటితో గీరి కూడా చూశాడు.

రుక్కమ్మ ఉన్నట్టుండి పకపకా నవ్వింది. "ఓ పిలగా! పాలోడయితేనే గద హక్కు వదులుకునేది? గీ కాగితం ఇచ్చినవంటే పాలోడినని నువ్వే ఒప్పుకున్నట్టు. గప్పుడు మా పిల్లకు అన్నవైతవ్!"

తేజేష్ అంత దూరం ఆలోచించలేదు పాపం.

గండయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బనీను జేబులో పెట్టుకున్నాడు. "కాగితం మంచిగున్నది. ఉంచుకుంట. నువ్వు అప్పుడప్పుడు అన్నలెక్క వచ్చి సూసి పో."

జాగా ఇక ఎప్పటికీ భద్రం. పోయేది తన పెళ్లొక్కటే అని ప్రవీణకు అర్థమైంది. లేచి తాత ఎదురుగా నిలబడింది.

"తాతా, ముత్తాత ఇల్లరికం వచ్చిండా?"

గండయ్య కళ్లు ఎర్రబడ్డాయి. "ఎవడన్నడు గా మాట?"

"ఎవరు అనలె. నేనే అడుగుతున్న. నాకు ఈయన కావాలె తాతా. అన్నలెక్క గాదు."

సిగ్గుతో చెవులు కాలిపోతున్నా తల దించలేదు. గండయ్య భార్య వైపు చూశాడు, కాపాడమన్నట్టు. రుక్కమ్మ కాపాడలేదు.

"జాగ మా అత్తదే. ఆమె కొడుకువు నువ్వు. ఇల్లరికమైతేంది, కాకుంటేంది, నీ జాగకేం ఫికర్ లేదని వకీలు గప్పుడే చెప్పె. నీది జాగ భయం గాదయ్యా, సిగ్గు. పిల్ల బతుకు కన్న నీ సిగ్గు పెద్దదా?"

గండయ్య గోడవైపు తిరిగాడు. అటు చూస్తూనే చెప్పాడు.

"బడిల నన్ను ఇల్లరికపోని కొడుకా అని పిలిచేటోళ్లు. ఏడ్సుకుంట ఇంటికొస్తే మా నాయిన నన్ను ఎత్తుకొని, ఆయన గూడ ఏడ్సేటోడు. సొంత పేరు ఇడిసిపెట్టి వచ్చిండు గద. సచ్చేదాంక మళ్ల ఆ పేరు ఎవరి ముందర తియ్యలె. నాకొక్కనికే చెప్పిండు." ఇటు తిరిగాడు. "మామిండ్లకుంట. మా నాయిన మామిండ్లకుంట ఎల్లయ్య."

పెళ్లయి అరవై ఏళ్లయినా రుక్కమ్మ కూడా ఆ పేరు వినడం అదే మొదలు. కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

గండయ్య జేబులోంచి కాగితం తీసి తేజేష్ చేతిలో పెట్టాడు.

"ఇది నాకొద్దు. తీస్కపో. నువ్వు మాకేం గావు పిలగా."

తేజేష్ మొహం తెల్లబోయింది. ఆ మాట అర్థమైన ప్రవీణ మాత్రం ఏడుస్తూ నవ్వేసింది. అంత మంచిమాట ఆమె ఎన్నడూ వినలేదు. అప్పుడు అతనికీ అర్థమై, గబుక్కున ముసలాయన కాళ్లకు దండం పెట్టాడు. గండయ్య అతన్ని లేపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు, మనవరాలిని దగ్గరికి రమ్మన్నాడు.

"ఆ ఇంటిపేరు మా నాయినకు అరువుకు వచ్చింది బిడ్డా. బతుకంతా తల వంచుకొని మోసిండు. నువ్వు లగ్గం చేస్కొని తల ఎత్తుకొని తెచ్చుకో."